సన్నని తేనె బిస్కెట్లకు ఏ తేనె కొనాలి: రైతుబజారు సీసాల మధ్య ఎంపిక

విశాఖపట్నంలో చలికాలపు ఆదివారం పూట రైతుబజారుకు వెళితే, లోపలి దుకాణాల్లోనూ బయట గోడ వారనూ మూడు రకాల తేనె కనిపిస్తుంటుంది. మొదటిది మన్యం నుంచి దిగివచ్చినవారు పాత గాజు సీసాల్లో పోసి తెచ్చే ముదురు రంగు కొండ తేనె. రెండవది పెట్టెల్లో తేనెటీగలను పెంచే రైతులు తెచ్చే లేత పసుపు తేనె. మూడవది వడకట్టి, శుద్ధి చేసి, మూతకు ముద్ర వేసి అమ్మే గిరిజన సహకార సంస్థ తేనె. పాలలో కలుపుకోవడానికో, పూజకో, దగ్గుకు అల్లం రసంలో వేసుకోవడానికో అయితే ఈ మూడింటిలో ఏది కొన్నా పెద్దగా నష్టం లేదు. అయితే కాగితమంత పలుచగా పరుచుకుని పెళుసుగా విరిగే బిస్కెట్లు గానీ, నోట్లో వేసుకోగానే గుల్లగా రాలిపోయే బిస్కెట్లు గానీ ఇంట్లో చేయదలచినప్పుడు, ఏ సీసా కొన్నామన్న సంగతి ఓవెన్ తలుపు తెరిచేసరికి ట్రే మీద స్పష్టంగా తెలిసిపోతుంది.

నాలుగైదేళ్లుగా ఈ బిస్కెట్లు చేస్తున్న అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. తేనెను ఎంచుకునేటప్పుడు మొదట చూడవలసింది అందులోని నీరు, తరువాత రంగు, ఆ తరువాత వాసన. ధర, అరుదుదనం, అడవి పేరు వీటన్నిటి తరువాతనే. మనలో చాలామంది ఈ వరుసను తలకిందులుగా పాటిస్తారు. అన్నిటికంటే ఖరీదైన కొండ తేనె కొని, అన్నిటికంటే సున్నితమైన బిస్కెట్‌లో పోసి, అది మెత్తబడి సాగిపోయిందని బాధపడతారు. అందులో తేనె తప్పు లేదు, చేసినవారి చేతి తప్పూ లేదు. ఆ తేనెకూ ఆ బిస్కెట్‌కూ జత కుదరలేదు, అంతే.

తేనె పిండిలో చేరితే జరిగేది

పంచదార బదులు తేనె వాడుతున్నామంటే ఒక తీపి స్థానంలో మరొక తీపిని పెట్టడం మాత్రమే కాదు. తేనెలో సుమారు 38 శాతం ఫ్రక్టోజు, 31 శాతం గ్లూకోజు, 17 నుంచి 20 శాతం నీరు ఉంటాయి. పంచదార అంతా దాదాపుగా సుక్రోజు. అందులో నీరన్నదే లేదు. సుక్రోజు రంగు మారి పాకం కావడానికి సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఫ్రక్టోజు 110 డిగ్రీల దగ్గరే ఆ పని మొదలుపెడుతుంది. దానికి తోడు, ఫ్రక్టోజు, గ్లూకోజులు పిండిలోని మాంసకృత్తులతో చర్య జరిపి గోధుమరంగును త్వరగా తెస్తాయి. అందుకే 180 డిగ్రీల వద్ద చక్కగా కాలే మామూలు బిస్కెట్‌ను తేనెతో చేసినప్పుడు 165 డిగ్రీలకు తగ్గించాలి; లేకపోతే నడుమ పచ్చిగా ఉండగానే అంచు మాడిపోతుంది.

ఫ్రక్టోజుకు ఉన్న మరో గుణం గాలిలోని తేమను లాక్కోవడం. తేనె కేకు నాలుగు రోజులైనా మెత్తగా ఉండటానికి కారణం ఇదే. తేనె బిస్కెట్ గంటలోపే కరకర పోగొట్టుకోవడానికీ కారణం ఇదే. ఇక మూడవది పులుపు. నాలుకకు అంతగా తెలియకపోయినా తేనె ఆమ్లగుణం కలది. దాని పీహెచ్ సాధారణంగా 4కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఒక కప్పు తేనెకు పావు చెంచా వంటసోడా వేయడం ఆ పులుపును విరచడానికే. చేసేది కొద్ది బిస్కెట్లే అయితే చిటికెడు చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, రంగూ అతిగా ముదురుతుంది.

కొలత విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కప్పులతో కొలవకుండా తూకం వేయడం మంచిది. 240 మిల్లీలీటర్ల కప్పులో పంచదార 200 గ్రాములు పడితే, తేనె 340 గ్రాముల దాకా పడుతుంది. పెద్ద చెంచాడు తేనె బరువు 21 గ్రాములు. కప్పుకు కప్పు అని మార్చినవారి బిస్కెట్లు ట్రే అంతా ఒకే అట్టుగా కలిసిపోవడానికి ముఖ్య కారణం ఈ బరువు తేడాయే.

కొండ తేనె, పెట్టె తేనె: నీటి లెక్క

అడవి చెట్ల కొమ్మలకూ కొండ చరియలకూ పెద్ద పట్టు పెట్టేది కొండ తేనెటీగ. దాని శాస్త్రీయ నామం ఏపిస్ డోర్సాటా. దీనిని ఎవరూ పెట్టెలో పెంచలేరు. రైతులు పెట్టెల్లో పెంచేది చాలాచోట్ల ఇటాలియన్ జాతి ఈగను, కొన్నిచోట్ల పుట్టతేనె పెట్టే మన దేశవాళీ ఈగను. ఈగ పూల నుంచి తెచ్చిన పలుచని మకరందాన్ని రెక్కలతో విసిరి విసిరి ఆరబెట్టి, నీరు సుమారు 18 శాతానికి దిగిన తరువాత గదికి మైనపు మూత వేస్తుంది. పెట్టెలు పెట్టిన రైతుకు చట్రాన్ని బయటకు తీసి, ముప్పాతిక వంతు గదులకు మూతలు పడ్డాయో లేదో చూసి, పడకపోతే మరో వారం ఆగే వెసులుబాటు ఉంటుంది. తాడు పట్టుకుని రాత్రి పూట కొండ చరియ దిగేవారికి ఆ వెసులుబాటు ఎక్కడిది? దొరికిన పట్టును దొరికినట్లే కోయాలి. మూత పడిన గదులు, పడని గదులు, పుప్పొడి అన్నీ కలిపి పిండాలి. కనుక కొండ తేనెలో నీరు 20 శాతం దాటడం సర్వసాధారణం, 25 శాతం ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అమ్మకపు తేనెకు అనుమతించే గరిష్ఠ తేమ 20 శాతం.

ఆరేడు శాతం తేడాకే ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. చిన్న లెక్క వేసి చూద్దాం. యాభై గ్రాముల వెన్న, యాభై గ్రాముల తేనె, యాభై గ్రాముల పంచదార, యాభై గ్రాముల మైదాతో జల్లి బిస్కెట్లు, అంటే జల్లెడలా చిల్లులు పడి కాగితమంత పలుచగా ఉండేవి, చేస్తున్నామనుకుందాం. వెన్నలో సుమారు 8 గ్రాముల నీరు ఉంటుంది. 18 శాతం తేమ గల తేనె మరో 9 గ్రాములు తెస్తుంది. మొత్తం 17 గ్రాములు. 25 శాతం గల తేనె అయితే పన్నెండున్నర గ్రాములు తెస్తుంది, మొత్తం ఇరవైన్నర. అంటే ఓవెన్ ఆవిరి చేయవలసిన నీరు అయిదో వంతు పెరిగింది. ఆ నీరు పోయేదాకా బిస్కెట్ పెళుసు కాదు. ఆ లోపల అంచున ఉన్న ఫ్రక్టోజు ఊరుకోదు, నల్లబడి చేదెక్కుతుంది. అదే గుల్ల బిస్కెట్ సంగతి తీసుకుంటే, 200 గ్రాముల మైదాకు వేసే తేనె 30 గ్రాములే కాబట్టి నీటి తేడా సుమారు రెండు గ్రాములే. అంత మైదా, అంత వెన్న నడుమ అది లెక్కలోకి రాదు. ఏ తేనె మంచిదన్న ప్రశ్నకు ఏ బిస్కెట్‌కు అన్న ఎదురుప్రశ్న వేయవలసి రావడం ఇందువల్లనే.

కొనేచోట నీటిని అంచనా వేయడానికి నేను చేసేది ఒకటే పని. అమ్మే ఆమెను అడిగి, మూత బిగించి ఉన్న సీసాను తలకిందులు చేసి పట్టుకుంటాను. మెడలో ఉన్న గాలి ఒక్క పెద్ద బుడగగా మారి పైకి బయలుదేరుతుంది. చిక్కని తేనెలో అది దారి వెతుక్కుంటున్నట్లు నిదానంగా, గుండ్రంగా, పక్కలకు ఒరగకుండా లేస్తుంది. పలుచని తేనెలో చేప పిల్లలా చటుక్కున పైకి పోతుంది. ఒకసారి కొండ తేనె సీసాను ఇలా పట్టుకున్నప్పుడు ఆమె నవ్వి, "పలసగానే ఉంటాదమ్మా, ఇది కొండది, పెట్టెలది కాదు" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ మాటలో దాపరికం లేదు. ఆ తేనె స్వభావమే అది. అయితే ఈ బుడగ పరీక్షను ఒకే పూట, ఒకే చోట ఉన్న సీసాల మధ్య పోలికకే వాడాలి. డిసెంబరు ఉదయపు చలికి పలుచని తేనె కూడా చిక్కగా కనిపిస్తుంది, మే నెల మధ్యాహ్నం చిక్కని తేనె కూడా జారుతుంది.

మూత దగ్గర సన్నని నురగ, మూత తీయగానే చిన్న శబ్దం, కల్లు వాసనకు దగ్గరగా ఉండే పుల్లని వాసన ఉంటే ఆ తేనె పులియడం మొదలైనట్లే. నీరు ఎక్కువైన తేనెకు అది సహజం. దానిని సన్నని బిస్కెట్లకు అసలు వాడకూడదు.

రంగు, వాసన, పూలు

నీటి సంగతి తేలిన తరువాత రంగు చూడాలి. పిండిలో పడిన తేనె రంగు ఓవెన్‌లో ఇంకా ముదురుతుంది కాబట్టి, బిస్కెట్ కాలిందో లేదో కంటితో తెలుసుకోవాలంటే తేనె లేత రంగులో ఉండటమే మేలు. ముదురు తేనెతో చేసిన జల్లి బిస్కెట్ నాలుగో నిమిషానికే కాలినట్లు కనిపించి మోసం చేస్తుంది. ఆ రంగును నమ్మి బయటకు తీస్తే చల్లారిన తరువాత తోలులా సాగుతుంది.

పొద్దుతిరుగుడు పూల తేనె మంచి పసుపు రంగులో, కొంచెం చురుకైన రుచితో ఉంటుంది, చాలా త్వరగా పేరుకుంటుంది. అరకు లోయలో చలికాలం మొదట్లో పొలాలన్నీ పసుపు పరిచినట్లు పూసే వలిసె పూల కాలంలో పెట్టెల నుంచి తీసిన తేనె కూడా ఈ పనికి నాకు బాగా నచ్చింది. నీలగిరి చెట్ల తేనెలో ఘాటైన వాసన ఉంటుంది. ఏలకులు వేసే బిస్కెట్లో ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతాయి, అల్లం వేసే బిస్కెట్లో మాత్రం కలిసిపోతాయి. వేప, నేరేడు చెట్ల తేనెల్లో చివరన చిరుచేదు ఉంటుంది. వెన్న ఎక్కువ ఉన్న బిస్కెట్‌కు ఆ చేదు అందమే. ఒకే పూల తేనె అని అమ్మేదంతా నిజంగా ఆ పూలదే అని పట్టుబట్టనక్కర లేదు. ఈగకు పొలం గట్లు తెలియవు. పెట్టెలు ఎక్కడ పెట్టారు, ఏ నెలలో తీశారు అని అడిగితే ఆ రెండు జవాబులే చీటీ మీది పేరు కంటే ఎక్కువ చెబుతాయి.

వాసన గురించి మాత్రం ఒక చేదు నిజాన్ని ఒప్పుకోవాలి. తేనెలోని సున్నితమైన పూల పరిమళం చాలావరకు ఓవెన్ వేడికి ఎగిరిపోతుంది. మిగిలేది పాకం వాసన, బరువైన రుచులు. కాబట్టి వాసన చూసి మురిసి కొన్న ఖరీదైన తేనెను పిండిలో కలపడం దండగ. దానిని కాల్చిన తరువాత, బిస్కెట్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, కుంచెతో పలుచగా పైన రాయాలి. లేదా వెన్నతో గిలకొట్టి రెండు గుల్ల బిస్కెట్ల నడుమ పెట్టాలి. కొండ తేనెకు నా దృష్టిలో సరైన చోటు అదే. వేడి చేసిన తేనె పనికిరాదన్న ఆయుర్వేద నియమాన్ని పాటించే ఇళ్లలో కూడా, పిండిలో పంచదార వేసి, పూర్తిగా చల్లారిన బిస్కెట్ మీద తేనె రాసుకునే ఈ పద్ధతికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం ఏ రూపంలోనూ తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే అవకాశం గల, బొటులిజం అనే విషపు జబ్బును తెచ్చే సూక్ష్మక్రిమి బీజాలు బిస్కెట్ కాలే వేడికి చావవు.

పేరుకున్న తేనె

గడ్డకట్టిన తేనె చూడగానే పంచదార కలిపారని అనుమానించడం మనకు అలవాటు. నిజానికి గ్లూకోజు వాటా ఎక్కువగా ఉన్న అసలైన తేనె త్వరగా పేరుకుంటుంది. 14 డిగ్రీల ప్రాంతంలో మరీ త్వరగా.  ఇలా పేరుకున్న తేనెను చాలామంది బేరమాడి సగం ధరకు అడుగుతారు, లేదా వద్దని పక్కన పెడతారు. గుల్ల బిస్కెట్లు చేసేవారికి ఇంతకంటే మంచి తేనె లేదని నేను గట్టిగా చెబుతాను.

కారణం ఇది. గుల్లదనం వచ్చేది వెన్నలో పంచదార పలుకులు గుచ్చుకుని, గిలకొట్టేటప్పుడు గాలిని పట్టి ఉంచడం వల్ల. జారే తేనె ఆ పని చేయలేదు. పైగా అందులోని నీరు మైదాను తడిపి జిగురు పుట్టిస్తుంది. సన్నని నలుసులుగా పేరుకున్న తేనె మెత్తబడిన వెన్నతో కలిపినప్పుడు దాదాపు వెన్నలాగే నలిగి, లేత రంగులోకి తిరిగి, నురగలా పొంగుతుంది. పలుకులు మరీ పెద్దవిగా, గరగరగా ఉంటే మాత్రం సీసాను 40 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీటిలో గంటసేపు ఉంచి కరిగించుకోవాలి. పొయ్యి మీద పెట్టకూడదు.

స్వచ్ఛత సంగతి

2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పరిశోధన సంస్థ బ్రాండ్ల పేరుతో అమ్మే తేనె నమూనాలను పరీక్షించిన వివరాలు వెల్లడించింది. తేనెలో కలిపిన చక్కెర పాకాలను పసిగట్టడానికి జర్మనీలో జరిపిన ఎన్.ఎం.ఆర్. పరీక్షతో కలిపి చూసినప్పుడు, 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ నెగ్గినవి అయిదు మాత్రమే. అప్పటి నుంచి రైతుబజారు తేనె మీద నమ్మకం పెరిగింది, పెరగడం మంచిదే. కానీ విడి తేనెలో బెల్లం పాకం కలిపేవారు లేరని ఎవరూ హామీ ఇవ్వలేరు. నీటి గ్లాసులో చుక్క వేయడం, అగ్గిపుల్లను ముంచి వెలిగించడం, బొటనవేలి మీద బొట్టు నిలవడం వంటి ఇంటి పరీక్షలన్నీ తేనె ఎంత చిక్కగా ఉందో మాత్రమే చెబుతాయి. చిక్కగా కాచిన బియ్యపు చక్కెర పాకం వాటన్నిటినీ సునాయాసంగా నెగ్గుతుంది. పట్టుతో సహా తెచ్చి కళ్లెదుట పిండి పోసేవారి దగ్గర, లేదా ఏటా అదే చోట కనిపించే రైతు దగ్గర కొనడమే నాకు తెలిసిన జాగ్రత్త. మొదటిసారి పావుకిలోకు మించి కొనకండి.

ముద్ర వేసిన తేనెను నేను తక్కువ చేసి మాట్లాడను. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డలు సేకరించిన తేనెను కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. వడకట్టి, వేడి చేసి, తేమ తగ్గించిన తేనెలో కొంత పరిమళం పోయిన మాట వాస్తవమే, కానీ ఆ పరిమళం ఓవెన్‌లో ఎలాగూ నిలవదు కదా. సీసాకూ సీసాకూ తేడా తక్కువగా ఉండటం వల్ల ఒకసారి కుదిరిన కొలత మరోసారి కూడా కుదురుతుంది. మొదటిసారి తేనె బిస్కెట్లు చేసేవారు దీనితో మొదలుపెట్టి, చేయి తిరిగిన తరువాత పెట్టె తేనెకు మారడం నా సలహా.

మూడు బిస్కెట్లు, మూడు ఎంపికలు

జల్లి బిస్కెట్‌కు లేత రంగు, తక్కువ తేమ గల పెట్టె తేనె తప్ప మరొకటి వద్దు. వెన్న, తేనె, పంచదార పొడి, మైదా సమానంగా 50 గ్రాముల చొప్పున తీసుకోవాలి. వెన్న, తేనె, పంచదార సన్నని సెగ మీద కరిగితే చాలు, మరగనీయకూడదు. దించి మైదా, చిటికెడు ఉప్పు కలిపి పది నిమిషాలు ఆగితే ముద్ద నిలుస్తుంది. బటర్ పేపర్ పరిచిన ట్రే మీద అర చెంచా చొప్పున, నాలుగు అంగుళాల దూరంలో, నాలుగైదు ముద్దలకు మించకుండా పెట్టి 165 డిగ్రీల వద్ద కాల్చాలి. ఓవెన్ అద్దం ముందు నుంచి కదలకూడదు. మూడో నిమిషంలో ముద్ద కరిగి చదునవుతుంది. అయిదో నిమిషానికి ఒళ్లంతా బుడగలు లేచి, అవి చిట్లిన చోటల్లా చిల్లులు పడి జల్లెడలా మారుతుంది. ఆరు, ఏడు నిమిషాల మధ్య బుడగల ఉరవడి తగ్గుతుంది. నీరు పోయిందన్న గుర్తు అదే. రంగు కంటే ఈ బుడగలనే నమ్మాలి. బయటకు తీసి ఒక నిమిషం ఆగితే, పలుచని అట్లకాడతో లేపగలిగేటంత గట్టిపడి, వంచితే విరగనంత మెత్తగా ఉండే ఘడియ ఒకటి వస్తుంది. అప్పుడు అప్పడాల కర్ర మీద వాల్చితే అలాగే వంపు తిరిగి నిలుస్తుంది. ఆత్రేయపురం పూతరేకు మడిచేవారి చేతికి తెలిసిన తొందర, నెమ్మది రెండూ ఇక్కడ కావాలి. ఆ ఘడియ దాటితే ట్రేను మళ్లీ అర నిమిషం ఓవెన్‌లో పెట్టి మెత్తబరచుకోవచ్చు.

గుల్ల బిస్కెట్‌కు పేరుకున్న తేనె, అది దొరకకపోతే సంస్థ తేనె. 200 గ్రాముల మైదాకు 130 గ్రాముల వెన్న, 40 గ్రాముల పంచదార పొడి, 30 గ్రాముల తేనె. తీపి అంతా తేనెతోనే రావాలని పట్టుబట్టకండి. హైదరాబాదు ఉస్మానియా బిస్కెట్ వంటి గుల్లదనం కావాలంటే మొత్తం తీపిలో తేనె సగానికి లోపే ఉండాలి; సగం దాటితే బిస్కెట్ కాదు, మెత్తని కేకు ముక్క వస్తుంది. ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, అర అంగుళం మందాన కోసి, 150 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు కాల్చాలి. పైభాగం దాదాపు తెల్లగానే ఉండి, అడుగు మాత్రమే బంగారు రంగు తిరగాలి.

మూడవది అల్లం, మిరియం, ఏలకులు వేసి పలుచగా ఒత్తే మసాలా బిస్కెట్. ముదురు తేనె కొన్నవారు ఇది చేసుకోవాలి. శొంఠి ఘాటు నడుమ లేత తేనె గొంతు వినిపించదు, కొండ తేనె వినిపిస్తుంది. 250 గ్రాముల మైదాలో 80 గ్రాముల వెన్న, 60 గ్రాముల చొప్పున తేనె, పంచదార, చిటికెడు వంటసోడా వేసి, ముద్ద కలవకపోతే చెంచాడు పాలు చేర్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పిండి నీటిని పూర్తిగా పీల్చుకుంటుంది. తేనెలో నీరు ఎక్కువన్న లోపం ఆ రాత్రితో చాలావరకు తీరిపోతుంది. పాల చెంచా కూడా అవసరం పడదు. మర్నాడు మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తి, 165 డిగ్రీల వద్ద తొమ్మిది, పది నిమిషాలు కాల్చాలి.

కాలం, నిల్వ, దూరదేశపు అంగళ్లు

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవారు నెలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒక జూలై సాయంత్రం చుట్టాలు వస్తున్నారని ముందుగానే జల్లి బిస్కెట్లు చేసి పళ్లెంలో అందంగా పేర్చాను. వారు వచ్చి కూర్చునేసరికి ముప్పావు గంట అయింది. చేతిలోకి తీసుకున్న బిస్కెట్ విరగకుండా అప్పడం పిండిలా వంగింది. అప్పటి నుంచి జూన్ మొదలు అక్టోబరు దాకా జల్లి బిస్కెట్ జోలికి పోవడం లేదు; ఆ నెలల్లో గుల్ల బిస్కెట్లు, మసాలా బిస్కెట్లు చేస్తున్నాను. హైదరాబాదు, అనంతపురం వంటి పొడి ఊళ్లలో ఇంత కట్టుబాటు అక్కరలేదు. ఏదైనా పూర్తిగా చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టాలి. గోరువెచ్చగా పెడితే ఆ ఆవిరే వాటిని మెత్తబరుస్తుంది. మెత్తబడిన వాటిని 120 డిగ్రీల వద్ద అయిదు నిమిషాలు ఉంచి చల్లారిస్తే కరకర తిరిగి వస్తుంది, ఒక్కసారికి మాత్రమే. తేనె బిస్కెట్లనూ పంచదార బిస్కెట్లనూ ఒకే డబ్బాలో వేయకండి.

అమెరికాలో శనివారపు రైతుల అంగళ్లలో కొనే తెలుగువారికి ఎంపిక ఇంకా సులువు. అక్కడ చాలా సీసాల మీద పూల పేరు ఉంటుంది, అడిగితే రుచి చూపిస్తారు. క్లోవర్ తేనె లేతగా, సౌమ్యంగా ఉంటుంది కనుక జల్లి బిస్కెట్‌కు అదే తీసుకోవాలి. నారింజ పూల తేనె గుల్ల బిస్కెట్ మీద రాయడానికి చక్కగా ఉంటుంది. బక్‌వీట్ తేనె దాదాపు నల్లగా, చెరకు మడ్డి వాసనతో ఉంటుంది. అది మసాలా బిస్కెట్‌కు తప్ప మరి దేనికీ సరిపోదు. టుపెలో అనే చెట్టు పూల తేనెలో ఫ్రక్టోజు వాటా ఎక్కువ, అందుకే అది ఏళ్ల తరబడి పేరుకోదు. ఆ గుణం వల్లనే బిస్కెట్‌ను తొందరగా మెత్తబరుస్తుంది, త్వరగా మాడుస్తుంది కూడా. దానిని దోసెల మీదికి ఉంచుకోండి.

ఏ సీసా తెచ్చినా, మొత్తం ముద్ద కాల్చే ముందు ఒకే ఒక్క బిస్కెట్‌ను కాల్చి చూడండి. అది అతిగా పరుచుకుంటే మిగిలిన ముద్దలో చెంచాడు మైదా కలపాలి. అంచు ముందుగా నల్లబడితే పది డిగ్రీలు తగ్గించాలి. చల్లారాక సాగితే ఒక నిమిషం పెంచాలి. మూడు మార్పులు చేసినా కుదరకపోతే ఆ ముద్దలో శొంఠి, మిరియాల పొడి, మరో పిడికెడు మైదా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మసాలా బిస్కెట్లుగా ఒత్తుకోవచ్చు. కొండ తేనెతో నేను చేసిన మంచి బిస్కెట్లలో సగం అలా పుట్టినవే.